సైన్స్ క్లాసులో డార్విన్ పాఠం: తీసేస్తే మనకు లాభమా, నష్టమా?

పిల్లలు టెన్త్‌కో, ఇంటర్ బైపీసీకో వచ్చాక చాలా ముస్లిం ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది. ‘అబ్బా, బయాలజీ పుస్తకంలో మనిషి పరిణామం అని ఉంది. మక్తబ్‌లో ఆదం అలైహిస్సలాం గురించి చెప్పారు. పరీక్షలో ఏది రాయాలి?’ కొందరు ‘మార్కుల కోసం రాసేయ్, మనసులో పెట్టుకోకు’ అంటారు. కొందరు ఆ పాఠమే వదిలేయమంటారు. ఎక్కువమంది మాట మార్చేస్తారు.

అందుకే 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామ సిద్ధాంతం మాయమైనప్పుడు, మనవాళ్లలో ‘పోనీలే, ఒక గొడవ తప్పింది’ అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అలా అనుకోవడం సహజమే. కానీ సైన్స్ క్లాసులో ఏం చెప్పాలో నమ్మకాన్ని బట్టి నిర్ణయించడం మొదలైతే, రేపు ఆ క్లాసులోకి ఎవరి నమ్మకం వస్తుంది? సంతోషపడేముందు ఈ సంగతి ఆలోచించాలి.

అసలు ఏం తీసేశారు?

పాత ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అని ఒక పాఠం ఉండేది. కొత్త పుస్తకంలో అది ‘అనువంశికత’ మాత్రమే. శిలాజాలు, జీవుల మధ్య సంబంధాలు, మానవ పరిణామం లాంటి భాగాలు పోయాయి. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికే అలా చేశామని, 12వ తరగతి బయాలజీలో పరిణామం పాఠం పూర్తిగా ఉందని ఎన్‌సీఈఆర్‌టీ చెప్పింది. బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ తరఫున 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు, సైన్స్ అభిమానులు అభ్యంతరం చెబుతూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు.

12వ తరగతిలో ఉందన్న మాట నిజమే. అయితే ఆ పాఠం బయాలజీ తీసుకున్నవాళ్లకే. నాలాగా కామర్స్‌లో చేరినవాళ్లు, ఎంపీసీ, ఆర్ట్స్ పిల్లలు టెన్త్ తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకోరు. అంటే దేశంలో ఎక్కువమంది పిల్లలు ఈ విషయం ఏమిటో తెలియకుండానే చదువు ముగిస్తారు.

ఇక డాక్టర్ కావాలనుకునే పిల్లల సంగతి వేరు. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే. ఆ సిలబస్‌లో జన్యుశాస్త్రంతో పాటు పరిణామం కూడా ఉంది. టెన్త్‌లో పునాది లేని పిల్లలు ఇంటర్‌లో దాన్ని కొత్తగా మొదలుపెట్టాలి.

సిద్ధాంతం చెప్పేదేంటి, చెప్పనిదేంటి?

‘కోతి నుంచి మనిషి పుట్టాడంట’ అనే మాట మన దగ్గర అందరి నోటా వినిపిస్తుంది. సిద్ధాంతం అలా అనదు. చింపాంజీలకు, మనిషికి ఎప్పుడో ఒక ఉమ్మడి పూర్వీక జాతి ఉందని, సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట ఆ రెండు శాఖలు విడిపోయాయని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడున్న కోతి రేపు మనిషి అవుతుందని ఎవరూ చెప్పడం లేదు.

ఇది పనిచేసే తీరు అర్థం కావాలంటే టీబీ మందుల్ని చూడండి. మామూలు టీబీకైనా కనీసం ఆరు నెలల కోర్సు ఉంటుంది. దగ్గు తగ్గిందని మధ్యలో మానేయొద్దని డాక్టర్లు పదేపదే చెబుతారు. ఎందుకంటే శరీరంలో ఉన్న లక్షల బ్యాక్టీరియా అన్నీ ఒకేలా ఉండవు. మందుకు లొంగేవి ముందు చస్తాయి. కొంచెం తట్టుకునేవి మిగులుతాయి. మందు మానేస్తే ఆ మిగిలినవే పిల్లల్ని పెడతాయి. కొన్నాళ్లకు అదే మందు ఆ రోగి మీద పనిచేయదు. జీవుల్లో తేడాలు ఉండటం, పరిస్థితికి తట్టుకున్నవి మిగలడం, వాటి లక్షణాలు తర్వాతి తరానికి వెళ్లడం. 1859లో డార్విన్ పుస్తకం చెప్పిన ముఖ్య విషయం ఇదే.

దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఈ సిద్ధాంతం పరిధిలోని ప్రశ్న కాదు. మనిషి ఎందుకు పుట్టాడు, ఎలా బతకాలి, చనిపోయాక ఏంటి అన్నదీ కాదు. అక్కడ దీన్ మాట్లాడుతుంది.

ఒక చిన్న ఊరి కేసు

‘సైన్స్ క్లాసులో రెండు వైపులా చెప్పొచ్చు కదా, పిల్లలే తేల్చుకుంటారు’ అని చాలామంది అడుగుతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ అనే చిన్న ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది.

2004 అక్టోబర్‌లో అక్కడి స్కూలు బోర్డు 6–3 ఓట్లతో ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తరగతి బయాలజీలో పరిణామం పాఠానికి ముందు పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపించాలి. డార్విన్ సిద్ధాంతం రుజువైన నిజం కాదని, అందులో ఖాళీలున్నాయని, జీవుల్ని ఒక తెలివైన శక్తి రూపొందించిందనే వేరే వివరణ ఉందని, దానికి సంబంధించిన పుస్తకం అందుబాటులో ఉందని ఆ ప్రకటన సారాంశం. సైన్స్ టీచర్లు దాన్ని చదవడానికి ఒప్పుకోలేదు. 2005 జనవరిలో స్కూలు అధికారులే క్లాసుకు వచ్చి చదివారు.

11 మంది తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వాళ్లు మతానికి శత్రువులేం కాదు, చర్చికి వెళ్లేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్ల తరఫున ముఖ్య సాక్షిగా వచ్చిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ స్వయంగా క్యాథలిక్ విశ్వాసి. వాళ్ల వాదన ఒక్కటే: మా పిల్లలకు మతం మేం నేర్పుకుంటాం, సర్కారు బడి సైన్స్ నేర్పితే చాలు.

విచారణలో రెండు విషయాలు బయటపడ్డాయి. మొదటిది ఆ పుస్తకం సంగతి. దాని పాత రాతప్రతుల్లో ‘సృష్టి’ అన్న మాట ఉండేది. సృష్టివాదాన్ని సైన్స్ పేరుతో బడిలో చెప్పడం చెల్లదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాతి ప్రతుల్లో అదే చోట ‘రూపకల్పన’ అన్న మాట వచ్చింది. మిగతా వాక్యాలు చాలావరకు అలాగే ఉన్నాయి.

రెండోది ఇంకా ముఖ్యం. బోర్డు తరఫున సాక్ష్యం చెప్పిన శాస్త్రవేత్త మైకేల్ బీహీని లాయర్ సూటిగా అడిగాడు: సైన్స్ సిద్ధాంతానికి మీరు చెప్పే నిర్వచనం ఒప్పుకుంటే జ్యోతిష్యం కూడా సిద్ధాంతం అవుతుంది కదా? అవుతుందని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒక నమ్మకం కోసం సైన్స్ గుమ్మాన్ని వెడల్పు చేస్తే, అదే గుమ్మంలోంచి అన్నీ లోపలికి వస్తాయి.

2005 డిసెంబర్ 20న తీర్పు వచ్చింది. అది సైన్స్ కాదు, మతపరమైన వాదన, సర్కారు బడిలో సైన్స్ పేరుతో చెప్పడం రాజ్యాంగ విరుద్ధం అని జడ్జి జాన్ జోన్స్ చెప్పారు. ఆయనను నియమించింది ప్రెసిడెంట్ జార్జ్ బుష్. కాబట్టి ఇది నాస్తికుల తీర్పు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. తీర్పుకు ముందే, నవంబర్‌లో జరిగిన బోర్డు ఎన్నికల్లో నిలబడ్డ 8 మంది పాత సభ్యులూ ఓడిపోయారు. అవతలివాళ్ల లాయర్ ఖర్చుల కింద సుమారు 10 లక్షల డాలర్లు బోర్డు మీద పడ్డాయి. అంటే ఊరి జనం పన్నుల డబ్బే.

మన దేశంలో గుమ్మం తెరిస్తే ఎవరు వస్తారు?

ఇప్పుడు ఇక్కడి సంగతి చూద్దాం. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, డార్విన్ సిద్ధాంతం తప్పని, కోతి మనిషిగా మారడం మన పెద్దలెవరూ చూడలేదని, పాఠ్యపుస్తకాల నుంచి దాన్ని మార్చాలని అన్నారు. శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అలాంటి వ్యాఖ్యలు చేయొద్దని సీనియర్ మంత్రి ప్రకాశ్ జవదేకర్ కూడా చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది 2019 జనవరిలో జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది. అక్కడ అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు, డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే పరిణామాన్ని బాగా చెబుతాయన్నారు. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని కూడా అన్నారు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో స్కూలు పిల్లలున్నారు. ఆ మాటలతో తమకు సంబంధం లేదని నిర్వాహకులు తర్వాత ప్రకటించుకున్నారు.

దశావతారాల మీద మన హిందూ సోదరుల విశ్వాసం వాళ్లది. దాన్ని గౌరవించాలి. కానీ అది బయాలజీ క్లాసులో సైన్స్‌గా రావడం వేరే విషయం. ‘రెండు వైపులా చెప్పండి’ అని మనం అడిగితే, ఆ రెండో వైపు ఖురాన్ చెప్పే సృష్టి అవుతుందని అనుకుంటున్నామా? ఏ ఊళ్లో ఎవరు ఎక్కువుంటే వాళ్ల నమ్మకమే రెండో వైపు అవుతుంది. క్లాసులో ముగ్గురో నలుగురో ఉండే మన పిల్లలు దాన్ని సైన్స్ అని పరీక్షలో రాయాల్సి వస్తుంది.

రాజ్యాంగంలోని 28వ అధికరణ దీనికి అడ్డుగోడ. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థల్లో కూడా మత బోధనలో, ప్రార్థనలో పాల్గొనమని పిల్లల్ని వాళ్ల తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బలవంతం చేయకూడదు. ఆ గోడ మన పిల్లల్నీ కాపాడుతోంది. డార్విన్ పాఠం దగ్గర ఆ గోడకు మనమే కన్నం పెట్టమంటే ఎలా?

ముస్లిం ప్రపంచంలో ఏమంటున్నారు?

2017లో టర్కీ తొమ్మిదో తరగతి బయాలజీ నుంచి పరిణామాన్ని తీసేసింది. విషయం వివాదాస్పదమని, ఆ వయసు పిల్లలకు అర్థం కాదని అధికారులు చెప్పారు. అక్కడి శాస్త్రవేత్తలు, ప్రతిపక్షాలు తప్పుపట్టాయి. ఇరాన్, పాకిస్తాన్ మాత్రం స్కూలు స్థాయిలోనే పరిణామం పాఠం చెబుతున్నాయి. కాబట్టి ముస్లిం దేశాలన్నిటిదీ ఒకే మాట కాదు.

జోర్డాన్‌లో రానా దజానీ అనే మాలిక్యులర్ బయాలజీ ప్రొఫెసర్ ఉన్నారు. హిజాబ్ ధరిస్తారు, దీన్‌ను గట్టిగా పాటిస్తారు. ముస్లిం విద్యార్థులకు పరిణామం ఎందుకు బోధిస్తున్నానో 2015లో ‘నేచర్’ పత్రికలో రాశారు. యాంటీబయాటిక్స్, ఫ్లూ వ్యాక్సిన్ లాంటివి అర్థం కావాలంటే ఈ సైన్స్ తెలియాల్సిందేనని ఆమె వాదన.

ఇస్లామీ పండితుల్లో దీని మీద చర్చ గట్టిగానే నడుస్తోంది. షోయబ్ అహ్మద్ మాలిక్ ఇమామ్ గజాలీ ఆలోచన వెలుగులో 2021లో ఒక పుస్తకం తెచ్చారు. ముస్లింలలో ఉన్న అభిప్రాయాల్ని ఆయన నాలుగు రకాలుగా చూపించారు. ఒకటి, అల్లాహ్ జీవులన్నిటినీ విడివిడిగా సృష్టించాడనేది. రెండు, మిగతా జీవుల్లో పరిణామం ఉండొచ్చు, మానవ జాతి మాత్రం దానికి మినహాయింపు అనేది. మూడు, ఆదం అలైహిస్సలాం, బీబీ హవ్వాల సృష్టి మాత్రమే ప్రత్యేకమైన అద్భుతం, మిగతా విషయాల్లో పరిణామాన్ని ఒప్పుకోవచ్చు అనేది. నాలుగు, మినహాయింపు ఏదీ లేదనేది. మూడో అభిప్రాయం దగ్గర డేవిడ్ సోలమన్ జలాజెల్ అనే పండితుడు ‘తవఖ్ఖుఫ్’ అనే పాత పద్ధతిని గుర్తుచేస్తారు. అంటే గ్రంథం మౌనంగా ఉన్న చోట మనం ఔననీ కాదనీ తేల్చకుండా ఆగడం.

వీటిలో ఏది సరైనదో చెప్పాల్సింది ఉలమా. పాఠం చదివినంత మాత్రాన ఈమాన్ పోతుందని భయపడే తల్లిదండ్రులకు మాత్రం ఒక విషయం తెలియాలి. ఈ ప్రశ్నను ఎదుర్కొని, చదివి, ఆలోచించిన ముస్లిం పండితులు ఉన్నారు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

మొదట, పాఠం వదిలేయమని చెప్పొద్దు. పరీక్షలో ప్రశ్న అడిగేది సైన్స్ ఏం చెబుతోందని, నువ్వేం నమ్ముతున్నావని కాదు. ‘పరిణామ సిద్ధాంతం ప్రకారం...’ అని రాసే పిల్లలు అబద్ధం రాయడం లేదు. అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఈ తేడా పిల్లలకు ఇంట్లోనే చెప్పాలి.

రెండోది, ప్రశ్నకు కోప్పడొద్దు. మనం కసిరితే పిల్లలు ప్రశ్న మానేయరు, మనల్ని అడగడం మానేస్తారు. తర్వాత ఫోన్లో ఎవడో అరగంట వీడియోలో చెప్పిందే వాళ్లకు జవాబు అవుతుంది. మనకు తెలియకపోతే తెలియదని చెప్పి, దీన్ విషయం ఆలిమ్ సాబ్ దగ్గర, సైన్స్ విషయం టీచర్ దగ్గర కలిసి అడగొచ్చు. మస్జిద్ కమిటీలు ఒక ఆలిమ్‌ని, ఒక బయాలజీ లెక్చరర్‌ని కూర్చోబెట్టి ఇంటర్ పిల్లలతో ఒక సాయంత్రం మాట్లాడించినా మంచిదే. నమ్మకం గురించి చర్చకు అదే సరైన చోటు.

మూడోది, స్కూల్లో సైన్స్ పేరుతో ఏ మత నమ్మకం చెప్పినా తల్లిదండ్రులు మర్యాదగా అడగాలి. పేరెంట్స్ మీటింగ్‌లో 28వ అధికరణ గుర్తుచేయడానికి మొహమాటం అక్కర్లేదు. ఆ నమ్మకం మనదైనా అదే లెక్క.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు, వచ్చేవాళ్లు సెలవు రోజు పిల్లల్ని బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికిన ఎముకలవి. కోట్ల ఏళ్ల కిందట మన తెలంగాణ నేల మీద తిరిగిన జంతువు. దాని ముందు నిలబడి పిల్లలు అడిగే ప్రశ్నలకు కాస్త ఓపిక పట్టండి, వాళ్లతో కలిసి మీరూ అడగండి.