బొమ్మ విమానం చేరిన బస్తర్ ఆకాశం

సరదాగా మొదలైన రేడియో కంట్రోల్ విమానాల విద్య యుద్ధరంగానికి కళ్లు ఇచ్చింది. దండకారణ్యం మీద ఎగిరే ఆ కళ్లకు మనుషులు కనిపిస్తారు. వాళ్లెవరో తెలుసుకోవడమే అసలు చిక్కు.

'త్రీ ఇడియట్స్' (2009) సినిమా చూసినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి సగంలో వదిలేసిన బుల్లి హెలికాప్టర్‌ను స్నేహితులు బాగుచేసి అతని హాస్టల్ గది కిటికీ దాకా ఎగరేస్తారు. అతను గదిలో ఉరి వేసుకున్న సంగతి ఆ యంత్రానికి బిగించిన కెమెరాలోనే బయటపడుతుంది. కెమెరా చూడగలిగింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

సినిమాలో ఎగిరిన ఆ నాలుగు ఫ్యాన్ల యంత్రాన్ని సమకూర్చింది ఐడియాఫోర్జ్. బొంబాయి ఐఐటీలో చదివిన యువకులు 2007లో పెట్టిన సంస్థ ఇది. తర్వాత పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాలతో కలిసి ఈ సంస్థ 'నేత్ర'ను తయారుచేసింది. బరువు దాదాపు కిలోన్నర. వీపున సంచిలో పెట్టుకుని నడవొచ్చు. సీఆర్‌పీఎఫ్ జవాన్లు మావోయిస్టుల కోసం గాలింపుల్లో వాడిన యంత్రాల్లో ఇదొకటి. వెండితెర మీద కాలేజీ కుర్రాళ్ల ఆటవస్తువుగా కనిపించినదాని తర్వాతి తరం అలా యుద్ధరంగంలోకి దిగింది.

నిజానికి ఆట ఎక్కడ ముగిసి యుద్ధం ఎక్కడ మొదలవుతుందో ఈ విద్యలో చెప్పడం మొదటి నుంచీ కష్టమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్, మస్టాంగ్ లాంటి యుద్ధ విమానాల నమూనాలంటే అభిరుచిదారులకు ప్రాణం. ఒకప్పుడు బాల్సా అనే తేలికపాటి కలపను పల్చటి పట్టీలుగా కోసి, అస్థిపంజరంలా అతికించి, పైన కాగితమో ప్లాస్టిక్ పొరో కప్పేవారు. ఇప్పుడు చాలామంది ఫోమ్ షీట్లతోనే పని కానిచ్చేస్తున్నారు. ముక్కున మోటారు, లోపల లిథియం బ్యాటరీ, రేడియో సంకేతాలు అందుకునే రిసీవర్, రెక్కల చివర, తోక దగ్గర ఉన్న పలకలను కదిలించే సర్వోలనే చిన్న మోటార్లు ఉంటే విమానం దాదాపు సిద్ధమైనట్టే.

అసలు పరీక్ష బరువు సర్దడంలో ఉంటుంది. విమానం బరువంతా వచ్చి నిలిచే బిందువు రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. కాస్త వెనక్కి జరిగిందా, నేల వదిలిన మరుక్షణం విమానం మాట వినదు. అందుకే బ్యాటరీని అంగుళం ముందుకూ వెనక్కూ జరుపుతూ గంటలు గడుపుతారు. ఎగిరాక మరో చిక్కు. విమానం దూరంగా వెళ్తున్నప్పుడు కుడి అంటే కుడే. అది మనవైపు తిరిగి వస్తుంటే మన కంటికి కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్ల విమానాలు చాలావరకు అక్కడే కూలుతాయి. దూరం పెరిగి విమానం చుక్కలా మారితే అది తలకిందులుగా ఉందో తిన్నగా ఉందో కూడా తెలియదు. రేడియో ఎంత దూరం పనిచేసినా, ఎగరేసేవాడి చూపు ఆనినంత మేరే ఈ ఆట.

ఆ హద్దును దాటించింది కెమెరా. ఇందులో సైన్యాలతో పాటు బొమ్మ విమానాల వాళ్ల పాత్రా ఉంది. హాలీవుడ్ నటుడు రెజినాల్డ్ డెన్నీకి ఈ విమానాలంటే పిచ్చి. 1930లలో ఏకంగా దుకాణమే తెరిచాడు. ఆ తర్వాత అతని రేడియోప్లేన్ సంస్థ అమెరికా సైన్యానికి గురి సాధన కోసం దాదాపు 15 వేల పైలట్ రహిత విమానాలు తయారుచేసింది. మార్లిన్ మన్రోగా పేరు పొందక ముందు నోర్మా జీన్ పనిచేసిందీ, ఫొటోగ్రాఫర్ కంట పడిందీ ఆ కర్మాగారంలోనే. ఇజ్రాయెల్‌లో షబ్తాయ్ బ్రిల్ అనే సైనిక గూఢచారి అధికారి మరో అడుగు ముందుకు వేశాడు. న్యూయార్క్ బొమ్మల దుకాణంలో కొనిపించిన రేడియో విమానాలకు కెమెరాలు కట్టించి, 1969లో సూయజ్ కాలువ అవతల ఉన్న ఈజిప్టు స్థావరాల మీద ఎగరేయించాడు. ఫొటోల్లో కందకాలు స్పష్టంగా వచ్చాయి. మూడు విమానాలకు, విడిభాగాలకు అయిన ఖర్చు 850 డాలర్లు.

ఆ తర్వాత పైలట్ రహిత విమానాల తయారీలో ఇజ్రాయెల్ అగ్రగామిగా ఎదిగింది. అక్కడ తయారైన 'హెరాన్' భారత్‌కు వచ్చింది. రెక్కల పొడవు 16.6 మీటర్లు, బరువు టన్నుకు పైనే. రోజంతా ఆకాశంలో ఉండగలదు. చీకట్లో వేడిని పసిగట్టే కెమెరా దీని ప్రత్యేకత.

బస్తర్‌లో ఈ కళ్ల అవసరం గట్టిగా చర్చకు వచ్చింది 2010 ఏప్రిల్ 6 తర్వాత. దంతెవాడ అడవుల్లో తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ముందున్న గుట్ట వెనక ఎవరున్నారో తెలియకుండా నడిచే దళానికి పైనుంచి చూసి చెప్పే యంత్రం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. మొదట్లో హెరాన్‌లు హైదరాబాద్‌లోని బేగంపేట నుంచే ఎగిరేవి. అక్కడి నుంచి దక్షిణ బస్తర్ చేరి తిరిగి రావడానికే ఎంతో సమయం పోయేది. తర్వాత స్థావరం భిలాయ్‌కి మారింది. అదీ దూరమే. 2017 ఏప్రిల్‌లో సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయాక, స్థావరాన్ని జగదల్‌పూర్‌కు తరలించాలని నిర్ణయించారు.

స్థావరం మారినా అడవి మారలేదు. దండకారణ్యంలో చెట్ల గుబురు చాలాచోట్ల పైకప్పులా కమ్ముకుని ఉంటుంది. వేడిని చూసే కెమెరాకు సైతం దట్టమైన ఆకులు అడ్డే. ఆకులు రాలే వేసవిలో చూపు కాస్త మెరుగవుతుంది. కానీ సరిగ్గా అప్పుడే అడవిలో జనం పెరుగుతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే కుటుంబాలకు కుటుంబాలు ఇప్పపూలు ఏరడానికి వెళ్తాయి. ఆ వెంటనే తునికాకు సేకరణ. పైనున్న కెమెరాకు ఇప్పపూలు ఏరే మనిషీ కాపలా కాసే సాయుధుడూ ఇద్దరూ వేడి చుక్కలే. భుజాన ఉన్నది కావడిబద్దో తుపాకో వేల అడుగుల ఎత్తు నుంచి తేల్చుకోవడం తేలిక కాదు.

పొరబడితే ఏమవుతుందో బస్తర్‌కు తెలుసు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సర్కేగూడలో భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని ముందు ప్రకటించారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని గ్రామస్థులు చెప్పారు. చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ 2019లో తేల్చింది. 2013 మేలో ఎడెస్‌మెట్టలోనూ దాదాపు ఇదే కథ. అక్కడ ఎనిమిది మంది గ్రామస్థులు బలయ్యారు. భయాందోళనతో కాల్పులు జరిపి ఉండొచ్చనీ, దళాలకు తగిన సాధనాలు, మెరుగైన సమాచారం ఉంటే ఆ కాల్పులు తప్పేవనీ అదే కమిషన్ అభిప్రాయపడింది.

ఆ రెండు రాత్రులూ పొరబడింది నేల మీది మనుషులు, డ్రోన్లు కాదు. మంచి కన్ను ఉంటే ప్రాణాలు దక్కవచ్చన్న వాదనకు ఎడెస్‌మెట్ట నివేదిక బలమిస్తుంది. అయితే నాలుగడుగుల దూరం నుంచి చూసినవారే పోల్చుకోలేనప్పుడు, ఆకాశం నుంచి వచ్చే చిత్రాన్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది. చుట్టూ చేరిన జనాన్ని కెమెరా లెక్కపెట్టగలదు. వాళ్లు పండుగకు కూడారో దాడికి కూడారో చెప్పాల్సింది ఆ ఊరి భాష, ఆ ఊరి రుతువులు తెలిసిన మనిషే.

ఈలోగా యంత్రం చవకైంది, అందరి చేతికీ అందింది. 2019 నవంబరులో సుక్మా జిల్లా కిష్టారం ప్రాంతంలోని సీఆర్‌పీఎఫ్ శిబిరం మీద ఎర్ర, తెల్ల దీపాలతో చిన్న డ్రోన్లు తిరిగాయనీ, కనిపిస్తే కూల్చేయమని ఆదేశాలు వెళ్లాయనీ వార్తలు వచ్చాయి. అవి మావోయిస్టులవేనని అధికారులు అనుమానించారు. 2021 ఏప్రిల్‌లో ఆరోపణ అటునుంచి ఇటు మారింది. బీజాపూర్ జిల్లాలో తమ మీద డ్రోన్లతో బాంబులు వేశారని మావోయిస్టులు అన్నారు. పోలీసులు ఖండించారు. 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 21 రోజులు సాగిన ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారు. అందులోనూ డ్రోన్లు ఎడతెగకుండా ఎగిరాయి.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు బొమ్మ విమానాన్ని విడిగా నిర్వచించాయి. 25 కిలోలు మించకూడదు. చదువుకో, పరిశోధనకో, వినోదానికో మాత్రమే వాడాలి. ఎగరేసేవారి కంటికి ఆనే దూరంలోనే తిరగాలి. బరువు, అవసరం మాట అటుంచితే ఆటకు చట్టం గీసిన గీత కూడా మనిషి చూపే. ఆ గీత దాటాక చూసేది తెర, నిర్ణయించేది తెర ముందు కూర్చున్న మనిషి. అతనికి దొరికేది కొన్ని వేడి చుక్కలు, కొన్ని క్షణాలు.

బొమ్మ విమానాలు ఎగరేయడం నేర్పేవాళ్లు మైదానంలో ముందుగా చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, విమానాన్ని మనుషుల మీదుగా పోనివ్వొద్దని. బస్తర్‌లో ఎగిరే యంత్రాల పనే మనుషుల మీదుగా ఎగరడం. కాబట్టి అక్కడ జాగ్రత్త అంతకంటే ఎక్కువే ఉండాలి. పైనుంచి వచ్చిన చిత్రాన్ని నేల మీది సమాచారంతో సరిచూసుకున్నాకే తుపాకీ ఎత్తాలి. అది జరగనంత కాలం ఇప్పపూల వేళ అడవికి బయల్దేరే కుటుంబానికి తలపైన వినిపించే మోత ధైర్యమివ్వదు.