నానమ్మ 42లో కన్నది... అది ఎన్నో కాన్పు?

పెట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిని పాతబస్తీ పెద్దవాళ్లు ఇప్పటికీ జచ్గీఖానా అనే అంటారు. ఇలాంటి ఆసుపత్రుల్లో ఓపీ చీటీ మీద పేరు పక్కన రాసే అంకె వయసు. ఆధార్‌లో మన ఆడవాళ్లలో ఎంతమందికో పుట్టినరోజు జనవరి 1. సరైన తేదీ తెలియక ఎవరో వేసేసిన లెక్క అది. అందుకే "అసలు వయసెంతమ్మా?" అని డాక్టరు మళ్లీ అడగాల్సి వస్తుంది. 35 దాటాక ఇదే తొలిచూలయితే 'ఎల్డర్లీ ప్రైమీ' అంటారు. 35కే ముసలితనం అంటగట్టే ఆ మాట నాకూ నచ్చదు. దాని వెనకున్న లెక్క మాత్రం తీసిపారేసేది కాదు.

ఇంట్లో వినిపించే జవాబు ఒకటుంది: "మా నానమ్మ 42లో చిన్న బాబాయిని కనలేదా?" కన్నది. కాకపోతే అది ఆమెకు ఏ ఎనిమిదో కాన్పో. అత్తాకోడళ్లు ఒకే ఏడాది నీళ్లాడిన ఇళ్లు మనకు కొత్త కాదు. అలా కన్నవాళ్లు కథల్లో మిగిలారు. 38 దాటాక మళ్లీ నెల తప్పని వాళ్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. 40లో ఆఖరి బిడ్డను కనడం పాత సంగతే, 40లో మొదటి బిడ్డ కోసం చూడటమే కొత్త.

ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. కొత్తవి తయారుకావు. రజస్వల అయ్యేసరికి మిగిలేవి 3, 4 లక్షలు, 37 ఏళ్లకు సుమారు 25 వేలు. అందులోంచి నెలకు కావలసింది ఒక్కటే కదా అనిపిస్తుంది. చిక్కు సంఖ్యలో కన్నా నాణ్యతలో ఉంది. వయసు పెరిగేకొద్దీ అండంలో క్రోమోజోముల పంపకం తప్పుతుంది. 25–30 మధ్య నెలకు నాలుగింట ఒక వంతు ఉండే గర్భధారణ అవకాశం 40కి పదింట ఒక వంతుకు పడిపోతుంది. గర్భస్రావాలు 20ల చివర్లో పదింటికి ఒకటైతే, 45 దాటాక సగానికి పైగా. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం 25లో సుమారు 1,250కి ఒకటి, 35లో 350కి ఒకటి, 40లో వందకు ఒకటి. ఆఖరి అంకె చూసి హడలిపోకండి, వందలో 99 మందికి అది రాదన్నదీ ఆ అంకే. పైగా 11–14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, రక్తపరీక్ష ఉన్నాయి. ఇంకో మాట: పాశ్చాత్య దేశాల్లో ముట్లుడిగే సగటు వయసు 51, మన దేశంలో 46 దగ్గర. అక్కడి ధీమా ఇక్కడికి అరువు తెచ్చుకోకూడదు.

మరి 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన మహిళ కవలల్ని కన్నారు కదా? ఆ అండం దాతది. గర్భసంచి అండమంత త్వరగా ముసలిదవదు. ఆ వయసులో అలాంటి చికిత్సకు ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం ప్రకారం చికిత్స తీసుకునే మహిళ వయసు 50 లోపు, పురుషుడి వయసు 55 లోపు ఉండాలి. అండదాత 23–35 మధ్య వయసుదై ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఎవరో వేసిన ఆ జనవరి 1 ఇక్కడ అడ్డం పడుతుంది. కాగితం మీద రెండేళ్లు ఎక్కువ పడితే దారి మూసుకుపోతుంది. ఐవీఎఫ్ ఖర్చు భరించలేని వాళ్ల కోసం 2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ కేంద్రం తెరిచారు.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? 35 లోపైతే ఏడాది ప్రయత్నించి చూడొచ్చు. 35 దాటితే ఆరు నెలలకు మించి ఆగొద్దు, 40 దాటితే అసలు ఆగొద్దు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచీ లోపం ఉంటుంది. ఆయనకు చేసే తొలి పరీక్ష చవక, కోత లేదు, సూది కూడా లేదు. దర్గాలూ గుళ్లూ తిరిగే కోడలితో పాటు కొడుకునూ ముందు ల్యాబుకు పంపండి.