ఒక పాటకు రెండు పాఠాలు

ప్రాచీన కావ్యాలు బోధించే మాబోటివాళ్లకు పాఠాంతరాలతో పేచీ తప్పదు. కవి రాసిన మాట ఏది, లేఖకుడు దిద్దిన మాట ఏది అని తల పట్టుకుంటూ ఉంటాం. ఈ పేచీ తాటాకు ప్రతులకే కాదు, గ్రామఫోను ప్లేట్లకూ ఉన్నది సుమా! జమైకా ద్వీపవాసి బాబ్ మార్లీ, అతని ‘వెయిలర్స్’ బృందం 1973లో వెలువరించిన ‘క్యాచ్ ఎ ఫైర్’ అనే ఆల్బం ఇందుకు చక్కని నిదర్శనం.

వాళ్లది రెగ్గే సంగీతం. దాని నడకే వేరు. నాలుగు దెబ్బల తాళంలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలి, మూడో దెబ్బ మీద డ్రమ్ము బరువంతా మోపుతారు. రెండు, నాలుగు దెబ్బల మీద గిటారు కత్తెర వేసినట్టు పలుకుతుంది. సమం దాటాక ఎత్తుకునే కీర్తనలు విన్న మనకు ఇది మరీ వింత కాదు. ఈ నడకకు వెన్నెముక బాసు గిటారు. కింగ్‌స్టన్ పేటల్లో పెద్ద పెద్ద స్పీకర్లు ఆరుబయట నిలబెట్టి పాటలు వినిపించేవారు. అక్కడ బాసు చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది.

1972లో లండనులోని ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ ఈ బృందానికి 4,000 పౌన్లు బయానా ఇచ్చాడు. ఆయనా జమైకాలో పెరిగినవాడే. వాళ్లు కింగ్‌స్టన్‌లోనే ఎనిమిది ట్రాకుల టేపు మీద పాటలు రికార్డు చేశారు. మార్లీతో గొంతు కలిపినవారు పీటర్ టాష్, బన్నీ వెయిలర్. చాలా పాటల్లో బాసు ఆస్టన్ బారెట్‌ది. డ్రమ్ములు అతని తమ్ముడు కార్ల్‌టన్‌వి.

టేపులు లండను చేరాక అసలు కథ మొదలైంది. రాక్ సంగీతానికి అలవాటుపడ్డ కుర్రకారు చెవికి ఈ పాటలు ఎక్కాలని బ్లాక్‌వెల్ ఉద్దేశం. అలబామా గిటారు వాద్యగాడు వేన్ పెర్కిన్స్‌నూ, టెక్సాస్‌కు చెందిన కీబోర్డు వాద్యగాడు జాన్ బండ్రిక్‌నూ పిలిపించి, కొత్త వాద్యాలు పైన పేర్పించాడు. పెర్కిన్స్‌కు రెగ్గే అప్పటికి కొత్త. ‘కాంక్రీట్ జంగిల్’లో సాగి సాగి పలికే గిటారు అతనిదే. మిక్సింగులో బాసు జోరు తగ్గించారు. రెండు పాటలు తీసివేశారు. అయితే మార్లీ ఇదంతా దగ్గరుండి చూసుకున్నాడనీ మరచిపోకూడదు.

ఇంతకూ ఇది న్యాయమా? బానిసల సంతతివారు తమ బాధ చెప్పుకున్న పాటలివి. ‘ఫోర్ హండ్రెడ్ ఇయర్స్’, ‘స్లేవ్ డ్రైవర్’ అనే పేర్లే ఆ సంగతి చెబుతాయి. పరాయివాళ్ల చెవికి ఇంపు చేయడానికి వాటి సొంత గొంతును తగ్గించవచ్చునా?

2001లో తొలి జమైకా రూపం, తీసివేసిన రెండు పాటలతో సహా బయటికి వచ్చింది. నేను రెండూ వరసగా విన్నాను. జమైకా ప్రతిలో వాద్యాలు తక్కువ, వాటి మధ్య ఖాళీ ఎక్కువ. ముగ్గురి గొంతులూ పక్కింటి అరుగు మీదనుంచి వినవచ్చినంత దగ్గరగా ఉంటాయి. లండను ప్రతిలో నిగారింపు ఉంది, దూరదేశాలకు ప్రయాణం చేయగల సత్తువ ఉంది. కొత్తలో అమ్మకాలు అంతంత మాత్రమే అయినా, మార్లీ పేరు లోకానికి తెలియడానికి దారి వేసింది ఆ ప్రతే. టాష్, బన్నీ 1974లో బృందం విడిచారు. 1981లో మార్లీ 36 ఏళ్లకే క్యాన్సరుతో కన్నుమూశాడు.

నా ఓటు జమైకా ప్రతికి. అలాగని బ్లాక్‌వెల్‌ను దోషిగా నిలబెట్టను. దిద్దడం పరిష్కర్త పని. మూలప్రతిని చింపకపోవడం అతని ధర్మం. ఆ పాత టేపు భద్రంగా ఉండబట్టే 28 ఏళ్ల తరవాత తీర్పు చెప్పే అవకాశం శ్రోతకు దక్కింది.

మీరూ ‘కాంక్రీట్ జంగిల్’ను రెండు విధాలా విని చూడండి. ఫోనులోని బుల్లి స్పీకరులో మాత్రం వద్దు. ఏ బాసు కోసం ఇంత తగవో, అది అందులో వినపడనే వినపడదు!