వానపడ్డాక గాలానికి ఏ ఎర?

తొర్రూరు ప్రాంతంలో పెద్దవాన కురిసిన మరునాడు చెరువుగట్టు మీదికి వెళ్ళి చూడండి. నిన్నటిదాకా తేటగా ఉన్న నీరు చాయ్ రంగుకు తిరిగి ఉంటుంది. తూము దగ్గరా, మత్తడి పక్కనా గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. తేటనీటికి మెరిసే చిన్నచేపను గుచ్చేవాడు ఇవాళ కప్పపిల్లనో, వానపామునో గుచ్చుతాడు. ఎందుకని?

కొర్రమీను సంగతే తీసుకుందాం. మనవైపు కొర్రమట్ట అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. ఇది వేటను దూరం తరమదు. తామరాకుల నీడలోనో, తూము రాళ్ళ సందునో పొంచి ఉండి ఒక్క దూకున పట్టేస్తుంది. తేటనీటిలో దానికి కళ్ళు చాలు. బురదనీటిలో మట్టిరేణువులు వెలుగును నలువైపులా చెదరగొడతాయి. ఇక ఎర ఎంత మెరిస్తే ఏం లాభం?

అప్పుడు పనికొచ్చేది పార్శ్వరేఖ. చేప పక్కల తలనుంచి తోకదాకా సన్నని గీత ఉంటుంది, చూశారా? అందులోని చిన్నచిన్న రంధ్రాల కింద వెంట్రుకల వంటి నూగున్న కణాలుంటాయి. నీటి కదలికను అవి పసిగడతాయి. కప్పపిల్ల కాళ్ళు తన్నుకుంటే పుట్టే చిన్న అలలు చాలు, అది ఎటువైపు ఉందో కొర్రమీనుకు తెలిసిపోతుంది. రేకు గిర్రున తిరిగే కృత్రిమ ఎరల్లో ఉన్న కిటుకూ ఇదే.

జెల్లచేపల దారి వేరు. వాటి మీసాలకు రుచి తెలుస్తుంది! వానకు కొట్టుకొచ్చే పురుగుల కోసం చేపలు వాగు చెరువులో కలిసేచోటికి చేరతాయి. అక్కడ వానపామును మించిన ఎర లేదు. ఆ కొత్తనీరు చల్లగానూ ఉంటుంది. 30 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 25 డిగ్రీల నీరు సుమారు 8.3 మిల్లీగ్రాములు పట్టి ఉంచుతుంది. కొర్రమీనుకు మాత్రం ఆ బెంగ తక్కువ. మొప్పల పైనున్న గదితో అది గాలినే పీలుస్తుంది. అందుకే మాటిమాటికీ పైకొచ్చి గుటక వేస్తుంది.

ఇక్కడో చిక్కుంది. వానల్లోనే కొర్రమీను గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు గుంపుగా ఈదుతుంటే తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద కప్పపిల్లను వేస్తే పెద్దచేప ఆకలి లేకపోయినా శత్రువనుకుని మీదపడుతుంది. చిక్కడం సులువే. కాని కాపలా పోయిన పిల్లలను తక్కిన చేపలు మింగేస్తాయి. ఆ ఎర్రగుంపు కనిపిస్తే గాలం పక్కకు మార్చడమే నాకు నచ్చిన పద్ధతి.

మరి ఎర రంగో? బురదనీటికి నల్లదే మేలనేవాళ్ళున్నారు. ఆకాశపు వెలుగుకు అడ్డుగా నల్లని ఆకారం స్పష్టంగా తోస్తుందని వాళ్ళ వాదన. మీరే పరీక్షించండి. గాజుగ్లాసులో నీరు పోసి, దారానికి కట్టిన తెల్లబొత్తాం ఒకటి, నల్లబొత్తాం ఒకటి దించండి. గ్లాసు పైకెత్తి అడుగునుంచి చూస్తూ, స్నేహితుడి చేత చెంచాడు చెంచాడుగా బురద కలిపించండి. ఏది ముందు మాయమైంది?