కూర్చోవడం వచ్చినోళ్లమే, మరి మోకాలెందుకు నొస్తుంది?

కుకునూరుపల్లిలో గొంతుకూర్చోవడం ఎవరికీ నేర్పక్కర్లేదు. పత్తి చేలో కలుపు తీసే ఆడవాళ్లు సాలు మొదట్లో కూర్చున్నారంటే చివరిదాకా అలాగే జరుగుతూ పోతారు. చాయ్ హోటల్ ముందు బీడీ తాగే తాతలు మడమలు నేలకు ఆనించి, మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని ఊరి రాజకీయమంతా తేల్చేస్తారు. అదే ఊళ్లో, రాజీవ్ రహదారి పక్కన మేడ మీదున్న జిమ్ములో ఇరవై ఏళ్ల పిల్లలు భుజాల మీద రాడ్డు పెట్టుకుని సగం దూరం దిగేసరికే మడమలు లేపేస్తారు. మర్నాడు మోకాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు.

నేను ఫిజియోథెరపిస్టును. ఈ ఊరి ఆడబిడ్డనే కాబట్టి వచ్చినవాళ్లలో చిన్నవాళ్లు అక్కా అంటారు, పెద్దవాళ్లు బిడ్డా అంటారు. అందరూ చెప్పే రోగం మాత్రం ఒకటే: ‘నరం పట్టింది’. మోకాలు నొచ్చినా నరమే, నడుము నొచ్చినా నరమే. నా దాకా వచ్చేసరికి నొప్పి మాత్రలు మింగడం, స్ప్రే కొట్టుకోవడం, ఎవరో ఒకరి చేత సూది వేయించుకోవడం అన్నీ అయిపోయి ఉంటాయి. అసలు ఒళ్లు ఎక్కడ బిగుసుకుందో మాత్రం ఎవరూ చూసి ఉండరు. నొప్పి మోకాట్లో ఉంటే బిగుతు చీలమండలో ఉండొచ్చు. నడుము నొస్తుంటే తప్పు తుంటిది కావచ్చు.

బార్‌బెల్ స్క్వాట్ అంటే బరువు మోస్తూ తీసే బస్కీయే. కాకపోతే పాత తాలింఖానాల్లో బస్కీలు తీసేవాళ్లు కిందికి దిగేటప్పుడు మడమలు లేపేవాళ్లు. రాడ్డుతో అది కుదరదు. పోటీల్లో మగవాళ్లు వాడే రాడ్డు ఖాళీదే 20 కిలోలు, ఆడవాళ్లది 15. దిగినా లేచినా ఆ బరువు పాదం నడిమికి సరిగ్గా పైనే ఉండాలి. మడమ లేచిందంటే బరువు వేళ్ల మీదికి తూలుతుంది. మడమ కదలకుండా పూర్తిగా దిగాలంటే చీలమండ ముందుకు వంగాలి, తుంటి మడవాలి, వీపు పైభాగం నిటారుగా నిలవాలి. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా దాని వంతు పని పక్కదాని నెత్తిన పడుతుంది.

మా చిన్నమ్మ కొడుకు సంగతే తీసుకోండి. వాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. మగపిల్లల దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, 7.26 కిలోల ఇనుప గుండు విసరడం ఉంటాయి. మూడింటికీ తొడల్లో సత్తువ కావాలి కాబట్టి స్క్వాట్లు మొదలుపెట్టాడు. కొన్నాళ్లకే ఎడమ మోకాలి చిప్పకు కాస్త కింద, వేలు పెట్టి చూపించేంత చోటులో నొప్పి వచ్చింది. జిమ్ములో తలా ఒకరూ ఒకే సలహా ఇచ్చారు: మోకాలు కాలివేళ్లు దాటుతోంది, దాటనీయకు. వాడు దాటనీయలేదు. ఇంకో పది రోజులకు నడుము కూడా పట్టేసింది.

గోడ దగ్గర నిలబెట్టి చెప్పులు విప్పించాను. పాదాన్ని గోడకు కొద్ది దూరంలో పెట్టించి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకమన్నాను. తాకిన కొద్దీ పాదాన్ని వెనక్కి జరుపుతూ పోవాలి. మడమ కింద ఒక కాగితం ముక్క పెట్టి అంచు పట్టుకుంటాను, అది జారి నా చేతికొచ్చిందంటే మడమ లేచినట్టే. బొటనవేలికీ గోడకూ మధ్య దూరం స్కేలు పెట్టి కొలిస్తే కుడికాలిది పదకొండు సెంటీమీటర్లు వచ్చింది. ఎడమకాలు ఆరు దగ్గరే ఆగిపోయింది. మామూలుగా పది, ఆ పైన ఉంటే స్క్వాట్‌కు ఇబ్బంది రాదు. రెండు కాళ్లకూ మధ్య ఇంత తేడా ఉండటం మాత్రం మంచిది కాదు.

“ఎడమ కాలు ఎప్పుడన్న బెణికిందార?”

“ఇంటర్ల ఉన్నప్పుడు కబడ్డీ ఆడంగ బెణికిందక్కా. కట్టు కట్టిచ్చిన్రు, తగ్గింది.”

వాపు తగ్గింది, నొప్పీ తగ్గింది, వంపు మాత్రం తిరిగి రాలేదు. నడిచేటప్పుడు అది బయటపడదు. బరువుతో కిందికి దిగినప్పుడే ఆ చీలమండ ఇక నా వల్ల కాదంటుంది. అప్పుడు ఆ మడమ లేస్తుంది, ఒళ్లు ఒక పక్కకు తిరుగుతుంది, చిప్ప కింది స్నాయువు మీద అలవాటు లేని భారం పడుతుంది.

అదే రోజు జిమ్ముకు పోయి రెండు మడమల కిందా చెరో రెండున్నర కిలోల ప్లేటు పెట్టించాను. వెంటనే వీపు నిటారుగా వచ్చింది, దిగడమూ తేలికైంది. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు, ఇది దొంగాట అన్నట్టు. వెయిట్‌లిఫ్టర్లు వేసుకునే బూట్లకు మడమ దాదాపు రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుందని చెప్పాక వాళ్లలో ఒకడు తనూ ప్లేట్లెక్కి చూశాడు. రాడ్డును కొన్నాళ్లు పక్కన పెట్టి, పది కిలోల డంబెల్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుని దిగమన్నాను. బరువు ముందుంటే వెనక్కి పడిపోతామన్న భయం పోతుంది, నడుమూ దానంతటదే నిలబడుతుంది. ఇంట్లో రోజూ గోడ పరీక్షనే వ్యాయామంగా చేయాలి, మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమ కిందికి వదిలి పిక్కను సాగదీయాలి. చీలమండ వారంలో మారదు, నెలలు పడుతుంది. అందాకా ప్లేట్లు ఉండనే ఉన్నాయి.

మోకాలు వేళ్లు దాటకూడదన్న మాట మీద నాకు పాత కోపం ఉంది. 1961లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ క్లైన్ అనే ఆయన, పూర్తిగా దిగే స్క్వాట్ వల్ల మోకాలి లిగమెంట్లు వదులవుతాయని రాశాడు. ఆ భయం వ్యాయామ ఉపాధ్యాయుల నోట పడి దేశాలు తిరిగింది. తర్వాత కొలిచి చూసినవాళ్లకు ఆ వదులు కనిపించలేదు, అయినా భయం పోలేదు. 2003లో అమెరికాలోనే ఫ్రై బృందం ఇంకో ప్రయోగం చేసింది. ఏడుగురు మగవాళ్ల చేత మామూలుగా ఒకసారి, మోకాళ్ల ముందు చెక్క అడ్డం పెట్టి ఒకసారి స్క్వాట్ చేయించారు. అడ్డం పెట్టినప్పుడు మోకాలి మీద పడే తిప్పుడు బలం సుమారు 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి మీద మాత్రం 28 నుంచి 303కు పెరిగింది! మోకాలికి మిగిల్చిందెంత, తుంటికీ నడుముకూ అంటగట్టిందెంత చూడండి. మావాడి నడుము ఎందుకు పట్టేసిందో ఇక వేరే చెప్పక్కర్లేదు. మోకాలు ఇప్పటికే నొస్తున్నవాళ్లు కొన్నాళ్లు తక్కువ ముందుకు పోనిస్తే తప్పులేదు, నేనూ అలా చేయిస్తాను. అది అందరికీ శాసనం మాత్రం కాదు.

మన కళ్లముందున్న సాక్ష్యం కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లి, 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్నాచ్ అంటే బరువును ఒక్క ఊపులో తలపైకి లేపి, దాని కిందికి దూరి పూర్తిగా కూర్చుని, అక్కణ్నుంచి లేవడం. అలా కూర్చున్నప్పుడు ఏ లిఫ్టర్ మోకాళ్లయినా వేళ్లను దాటి ముందుకే ఉంటాయి. అయితే ఆ వంపు ఆమెకు చిన్ననాటి నుంచి ఏళ్లకేళ్ల సాధనలో వచ్చింది. వీడియో చూసి మర్నాడే రాడ్డు కిందికి దూరేవాళ్లకు అది ఎలా వస్తుంది?

ఎంత సాగదీసినా మారనిది ఒకటుంది, ఎముక. కబడ్డీ ఆడే ఒక అమ్మాయి వచ్చింది, స్క్వాట్‌లో కిందికి దిగితే గజ్జల దగ్గర గుచ్చినట్టవుతోందని. చీలమండలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పాదాలు దగ్గరగా, వేళ్లు నేరుగా ముందుకు పెట్టి చేయాలని ఎవరో చెప్పారట. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలిని ఛాతీ వైపు తోస్తే సగంలోనే ఆగి గుచ్చింది. అదే మోకాలిని కాస్త బయటికి వాల్చి తోస్తే హాయిగా పైదాకా వచ్చింది. తుంటి గిన్నె ఎటు తిరిగి ఉంది, తొడ ఎముక మెడ ఎంత మెలితిరిగి ఉంది అన్నవి మనిషి మనిషికీ వేరు. ఆ అమ్మాయి పాదాలను భుజాలకన్నా వెడల్పుగా పెట్టించి, వేళ్లను బయటికి తిప్పించాను. గుచ్చడం ఆ పూటే ఆగింది. జిమ్ము గోడ మీద అంటించిన బొమ్మలో మనిషి తుంటి, మన తుంటి ఒకటి కానక్కర్లేదు.

భుజాల సంగతి త్వరగా చెప్పేస్తాను. లారీ స్టీరింగ్ ముందో ల్యాప్‌టాప్ ముందో రోజంతా ముందుకు వంగి ఉండేవాళ్లకు చేతులు వెనక్కి పోవు. రాడ్డును బలవంతంగా పట్టుకుంటే మణికట్టు, మోచేయి నొస్తాయి. చేతులు ఎడంగా పట్టుకోవాలి, రాడ్డు మెడ ఎముక మీద కాకుండా దాని కింది కండ మీద ఆనాలి. అయినా కుదరకపోతే బరువు ముందు పట్టుకునే స్క్వాటే చేసుకోవాలి. వెనకే మోయాలని ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక నొప్పి. కొందరు చిన్న నొప్పికే ఆరు నెలలు మానేస్తారు, కొందరు పళ్లబిగువున లాగిస్తారు. రెండూ వద్దంటాను. సున్నా నుంచి పది దాకా నొప్పికి మార్కులు వేయండి. చేసేటప్పుడు మూడు లోపుంటే, మర్నాడు పొద్దున మంచం దిగేసరికి మళ్లీ పాత స్థితికి వస్తే, ఆ బరువు మీ ఒళ్లు ఒప్పుకున్నట్టే. అంతకు మించితే బరువైనా తగ్గించాలి, లోతైనా తగ్గించాలి. లోతు తగ్గించడానికి వెనక ఒక స్టూలు పెట్టుకుని అది తగిలినప్పుడల్లా లేస్తే చాలు, రోజుకో లోతు దిగే తంటా ఉండదు. చిప్ప కింది స్నాయువు నొప్పికి గోడకు వీపు ఆనించి కుర్చీలో ఉన్నట్టు కదలకుండా నలభై ఐదు సెకన్లు ఆగడం, అలా ఐదు సార్లు, చాలామందికి ఉపశమనం ఇస్తుంది. మా చిన్నమ్మ కొడుకుకు మొదటి వారాల్లో అదే మందు. స్నాయువు గట్టిపడటానికి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడతానంటే పరీక్ష ఆగదు.

కొన్నింటితో మాత్రం బేరం లేదు. మోకాలు వాచినా, లాక్ పడినట్టు మధ్యలో ఆగిపోయినా, నడుము నుంచి కాలిలోకి తిమ్మిరి దిగినా, పాదం ఈడ్చుకుపోతున్నా జిమ్ము బ్యాగు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి. తొడల మధ్య స్పర్శ తగ్గి మూత్రం మీద పట్టు తప్పితే తెల్లారేదాకా కూడా ఆగకూడదు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి.

కొడుకును తీసుకొచ్చిన రోజు చిన్నమ్మ పక్కనే కూర్చుని అంతా విన్నది. “బిడ్డా, మేం పుట్టినకాడికెళ్లి గొంతుకూసునే ఉన్నం గదా, మరి నా మోకాళ్లెందుకు పోయినయ్?” అనడిగింది. అడగాల్సిన ప్రశ్నే. గంటలకొద్దీ అలా కూర్చుని పనిచేసేవాళ్లలో మోకాళ్ల అరుగుదల ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కలుపు తీసేటప్పుడు కీలు బాగా మడిచి ఉంటుంది, దానికి విశ్రాంతి దొరకదు, తొడ కండకు మాత్రం పెద్దగా పని ఉండదు. జిమ్ములో స్క్వాట్ దానికి తిరగేసింది: పది సార్లు లేవడం, కూర్చోవడం, తర్వాత ఆగడం, మధ్యలో ఒక రోజు సెలవు. చిన్నమ్మకు వంగే గుణం ఉంది, లేచే బలం లేదు. కొడుక్కు బలం ఉంది, ఒక చీలమండలో వంపు లేదు.

చిన్నమ్మకూ స్క్వాటే రాశాను, రాడ్డు లేకుండా. ప్లాస్టిక్ కుర్చీలో రెండు దిండ్లు వేసుకుని చేతుల ఊతం లేకుండా పది సార్లు లేవాలి. అది తేలికైతే ఒక దిండు తీసేయాలి, తర్వాత రెండోది. ఇప్పుడు ఉత్త కుర్చీ మీద చేస్తోంది. వచ్చే నెల నుంచి రెండు కిలోల బియ్యం సంచి గుండెకు పట్టుకుని చేయమన్నాను. కలుపుకు పోయినప్పుడు గంటకోసారి లేచి గట్టుదాకా నడిచి రమ్మన్నాను కానీ, పక్క సాలువాళ్లు ముందుకు పోతారని అది మాత్రం వినడం లేదు.