కెమెరా కొనే ముందు చీరతో ఒక పరీక్ష

ఇంటి ప్రయోగం: 6 నుంచి 10 తరగతుల విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో గద్వాల నుంచి వచ్చిన ఒక తండ్రి, కూతురి ప్రోగ్రెస్ కార్డు చూసుకున్నాక, జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. ఆయన మగ్గం నేస్తారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు చీరలకు ఫొటోలు తీసి, కొనేవాళ్లకు వాట్సాప్‌లో పంపుతుంది. ఆ నెలలో ఒక చీర వెనక్కి వచ్చింది. "ఫొటోల మెరూన్ ఉన్నది, చేతికొచ్చినంక వంకాయ రంగున్నది అని వాపస్ పంపిన్రు సార్. ఎవరో పాత డిజిటల్ కెమెరా అమ్ముతున్నరు, ఇర్వై మెగాపిక్సెల్ అట. తీస్కోమంటరా?" అని అడిగారు.

ఇలాంటి ప్రశ్నే వనపర్తి, నాగర్‌కర్నూల్ తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. బీరువాలో పడి ఉన్న పాత కెమెరా పిల్లలకు ఇవ్వొచ్చా? పుట్టినరోజుకు కొత్తది కొనాలా? అందరికీ మేం చెప్పే జవాబు ఒకటే. డబ్బా మీద ఉన్న అంకె చూసి తేల్చుకోకండి. మీకు ఎలాంటి ఫొటో కావాలో అలాంటి ఫొటోనే తీసి చూసి తేల్చుకోండి. దానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక చీర, ఒక తెల్ల కాగితం, ఒక దినపత్రిక, ఒక సెలవు రోజు చాలు.

ముందు ఆ అంకె సంగతి

డిజిటల్ ఫొటో అంటే దగ్గర దగ్గరగా పెట్టిన చుక్కలు. ఒక్కో చుక్క ఒక పిక్సెల్. పది లక్షల చుక్కలు ఒక మెగాపిక్సెల్. 1975లో కొడాక్ కంపెనీలో ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో నిలువునా 100, అడ్డంగా 100, మొత్తం 10,000 చుక్కలే ఉండేవి. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది.

ఇప్పుడు మన అవసరం లెక్క వేద్దాం. ఆల్బంలో పెట్టే 6×4 అంగుళాల ఫొటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800×1200 చుక్కలు కావాలి. అంటే దాదాపు 22 లక్షలు, రెండు మెగాపిక్సెల్స్ కంటే కాస్త ఎక్కువ. ఏ4 సైజు ప్రింటుకైనా 9 మెగాపిక్సెల్స్ లోపే సరిపోతాయి. ఇంకో సంగతి: 10 మెగాపిక్సెల్స్ 20 అయితే స్పష్టత రెట్టింపు కాదు. నిలువునా 1.4 రెట్లు, అడ్డంగా 1.4 రెట్లు పెరుగుతుంది, అంతే. ఈ 1.4 ఎక్కడి నుంచి వచ్చిందో మీ పిల్లల్ని అడగండి. వర్గమూలాలు చదివిన పిల్లలు చెప్పేస్తారు.

చుక్కలు ఎన్ని అన్నదానికంటే ఒక్కో చుక్కకు ఎంత వెలుతురు అందుతుందన్నది ముఖ్యం. చాలా చిన్న కెమెరాల్లో వెలుతురును పట్టే సెన్సర్ సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు ఉంటుంది. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. వాకిట్లో వాన నీళ్లు పట్టడానికి గిన్నెలు పెట్టామనుకోండి. అదే వాకిట్లో ఇంకా ఎక్కువ గిన్నెలు పట్టాలంటే చిన్నవి పెట్టాలి. పెద్ద వానలో ఇబ్బంది లేదు. సన్నటి తుంపరలో మాత్రం ఒక గిన్నెలో నాలుగు చుక్కలు పడితే పక్క గిన్నెలో ఏడు పడతాయి. తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించేది ఈ తేడానే. దాన్ని నాయిస్ అంటారు.

చీరే ఎందుకు?

కెమెరాలను పరీక్షించే ల్యాబుల్లో సన్నగీతల చార్టు ఒకటి, 24 రంగుల గళ్లున్న చార్టు ఒకటి వాడతారు. మన గద్వాల చీరలో ఆ రెండింటి పనీ జరుగుతుంది. ఒంటిభాగం నూలు, అంచు, కొంగు పట్టు, వాటి మీద జరీ. నూలు వెలుతురును మెత్తగా తీసుకుంటుంది, పట్టు మెరుస్తుంది, జరీ కళ్లు చెదిరేలా తళుక్కుమంటుంది. అంచులో కోటకొమ్మ మొనలు ఎంత పదునుగా వచ్చాయో చూస్తే లెన్సు పనితనం తెలుస్తుంది. నూలుకూ పట్టుకూ అతుకు వేసిన 'కుట్టు' గీత కనబడిందంటే ఆ కెమెరా సన్న వివరాలు పట్టగలదన్నమాట. గద్వాల చీర లేకపోతే జరీ అంచున్న ఏ చీరైనా పనికొస్తుంది.

ఒక నియమం మాత్రం తప్పకూడదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. కెమెరాను స్టూలు మీదో, పుస్తకాల దొంతర మీదో కదలకుండా పెట్టండి. రెండు సెకన్ల టైమర్ వాడండి. ఫ్లాష్ ఆపేయండి. రెండు కెమెరాలను పోల్చేటప్పుడు చీర, దూరం, వెలుతురు ఒకేలా ఉండాలి.

ఐదు పరీక్షలు

1. అక్షరాల పరీక్ష. దినపత్రికలో చిన్న ప్రకటనల పేజీని గోడకు సమంగా అంటించి, పేజీ మొత్తం ఫ్రేములో పట్టేలా ఫొటో తీయండి. 'ద', 'ధ', 'థ' అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చిన్న చుక్క. పేజీ మధ్యలో అవి తెలిసి, మూలల్లో అలుక్కుపోతే లెన్సు అంచులు బలహీనమని అర్థం.

2. వెలుతురు పరీక్ష. సాయంత్రం గదిలో దీపం వేసి, చీరను ఐఎస్ఓ 100, 400, 1600 దగ్గర ఒక్కో ఫొటో తీయండి. ఐఎస్ఓ పెంచడమంటే రేడియో వాల్యూమ్ పెంచడం లాంటిది, పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది. కొన్ని కెమెరాలు ఆ గరగరను తుడిచేస్తూ నూలు పోగులను కూడా తుడిచేస్తాయి. చీర ప్లాస్టిక్ షీటులా నున్నగా కనిపిస్తే అదే జరిగిందన్నమాట.

3. రంగు పరీక్ష. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి, అదే చీరను మూడు చోట్ల తీయండి: ఉదయం వరండా నీడలో, ట్యూబ్‌లైట్ కింద, ఎల్ఈడీ బల్బు కింద. ఫొటోలో కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే కెమెరా ఆ వెలుతురును సరిగా అంచనా వేయలేదని అర్థం. మెనూలో వైట్ బ్యాలెన్స్ మార్చి మళ్లీ తీయండి. అయితే కొన్ని చవక బల్బుల వెలుతురులో ఎరుపు పాలు చాలా తక్కువ. వెలుతురులో లేని రంగును ఏ కెమెరా కూడా తెచ్చిపెట్టలేదు.

4. మెరుపు పరీక్ష. జరీ మీద కిటికీ వెలుతురు పడేలా పెట్టండి. జరీ తెల్లటి మచ్చలా మారి పని కనిపించకపోతే, ఎక్స్‌పోజర్‌ను మైనస్ వైపు కొంచెం తగ్గించి మళ్లీ తీయండి. జరీ పనీ, ముదురు రంగు నూలూ రెండూ ఒకే ఫొటోలో కనిపిస్తే మంచి సెన్సర్. బడి నుంచి అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు వెళ్లినప్పుడు కూడా ఇదే పరీక్ష ఎదురవుతుంది: బయట కాలే ఎండ, లోపల మండపంలో చీకటి.

5. గీతల పరీక్ష. టైల్స్ గోడను జూమ్ లేకుండా ఒకసారి, పూర్తి ఆప్టికల్ జూమ్‌తో ఒకసారి తీయండి. నిటారు గీతలు విల్లులా వంగాయా చూడండి. డిజిటల్ జూమ్‌ను మాత్రం ఆపేయండి. అది దూరాన్ని దగ్గర చేయదు, ఫొటోలో ఒక ముక్క కోసి పెద్దది చేస్తుంది. నల్లమల వైపు పిక్నిక్‌కు వెళ్లి దూరపు కొమ్మ మీది పిట్టను తీయాలనుకునే నాగర్‌కర్నూల్ పిల్లలకు ఈ తేడా బాగా పనికొస్తుంది.

ఫలితం ఎలా చూడాలి?

కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద అన్ని ఫొటోలూ బాగానే కనిపిస్తాయి. కార్డును కంప్యూటర్‌లో పెట్టి, ఫొటోను 100 శాతం సైజులో చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోతో పోల్చకండి, అది సైజు తగ్గించి పంపుతుంది. తర్వాత ఒకటి రెండు ప్రింట్లు తీయించండి. ఏ ఫొటో ఏ కెమెరాదో చెప్పకుండా నానమ్మకో తాతయ్యకో చూపించి, పక్కన అసలు చీర పెట్టి, "ఏది దీనికి దగ్గరగా ఉంది?" అని అడగండి. ఖరీదైన కెమెరా మీద మనకుండే మోజు తీర్పులోకి రాకుండా ఉండాలంటే ఇదే దారి. పిల్లలు ఒక్కో పరీక్షకు 5 మార్కుల చొప్పున నోటుబుక్‌లో పట్టిక వేయాలి.

ఆ గద్వాల అమ్మాయి రెండు రోజులు ఆ పాత కెమెరాను అడిగి తెచ్చుకుని, ఫోన్‌తో పోల్చి పట్టిక వేసింది. కోటకొమ్మ మొనలు కెమెరాలో ఇంకా బాగా వచ్చాయి. రంగు మాత్రం గదిలో బల్బు కింద రెండింట్లోనూ తప్పింది. ఉదయం వరండా నీడలో రెండింట్లోనూ దగ్గరగా వచ్చింది. చీర వెనక్కి రావడానికి కారణం ఫోన్ కాదని, గదిలోని బల్బని ఆమె పట్టిక చెప్పింది. వాళ్లు కెమెరా కొనలేదు. ఇప్పుడామె పొద్దున బడి బస్సు వచ్చేలోపు వరండాలో చీర పరిచి, ఒక మూల తెల్ల కాగితం పెట్టి ఫొటోలు తీస్తోంది.

మీ ఇంట్లో జవాబు వేరేలా రావచ్చు. పట్టిక చూశాక కొనాలనిపిస్తే నిశ్చింతగా కొనండి. ఈ నెలలో ఒక ఆదివారం పిల్లలతో కలిసి ఈ ప్రయోగం చేసి, ఆ పట్టికను సైన్స్ టీచర్‌కు చూపించమని చెప్పండి. ఫొటోలు బాగా రాకపోయినా ఫర్వాలేదు, ఎందుకు బాగా రాలేదో రాసిన పట్టికకే ఎక్కువ మార్కులు.