కోడికి ఏ మేత వేయాలి?



మీలో కొందరి ఇళ్ళ వెనుక నాలుగైదు కంపోంగ్ కోళ్ళు ఉన్నాయి. వాటికి ఏమి వేస్తున్నారని తరగతిలో అడిగినప్పుడు కొందరు నూకలు అన్నారు, కొందరు మిగిలిన అన్నం అన్నారు. ఒకరు మాత్రం "అంగడిలో ఏ సంచి దొరికితే అది" అన్నారు. ఈ సమాధానాలు పూర్తిగా తప్పు కావు. అయితే వీటిలో ఏ ఒక్కటీ చాలదు. ఎందుకో తెలుసుకుందాం.

పేరాక్ రాష్ట్రంలోని కొబ్బరి తోటలలో మన పెద్దలు నివసించిన లైను ఇళ్ళ చుట్టూ కోళ్ళు స్వేచ్ఛగా తిరిగేవి. మా నాయనమ్మ ఉదయం ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు నూకలు చల్లేది. "ఆ కోళ్ళు నూకలతోనే పెరిగాయి కదా!" అని నేటికీ పెద్దలు అంటారు. అది సగమే నిజం. మిగిలిన ఆహారాన్ని కోళ్ళు తామే వెదకుకొనేవి. చెదపురుగులు, వానపాములు, లేత గడ్డి, కొబ్బరి తురుము, నత్త గుల్లలు, చిన్న రాళ్ళు అన్నీ వాటికి తోటలోనే దొరికేవి. తమ శరీరానికి కావలసినదానిని అవే ఎంచుకొనేవి. నేడు మనం వాటిని కంచె లోపల పెంచుతున్నాం. కంచె లోపల ఉన్న కోడి ఎంచుకోలేదు. కాబట్టి దాని తరఫున మనమే ఎంచుకోవాలి.

వయసును బట్టి మేత

కోడిపిల్ల చేయవలసిన పని పెరగడం. కండలు, ఈకలు పెరగడానికి మాంసకృత్తులు అవసరం. అందుచేత మొదటి ఆరు నుండి ఎనిమిది వారాల వరకు పిల్లలకు వేసే మేతలో మాంసకృత్తులు 18 నుండి 20 శాతం ఉండాలి. నూకలలో ఉండేది సుమారు 8 శాతమే. నూకలు మాత్రమే తినే పిల్ల కడుపు నిండినా ఎదగదు.

ఆ తరువాత, గుడ్లు పెట్టే వయసు వచ్చే వరకు 15 లేదా 16 శాతం సరిపోతుంది. పెట్ట గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన తరువాత మాంసకృత్తులు 16 లేదా 17 శాతం ఉండాలి. అయితే అప్పుడు అంతకంటె ముఖ్యమైన మార్పు ఒకటి వస్తుంది. దానికి కాల్షియం ఎక్కువగా కావాలి.

పెంకు ఎక్కడి నుండి వస్తుంది?

ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. గుడ్లు పెట్టే పెట్టలకు తయారుచేసిన మేతలో కాల్షియం 4 శాతం వరకు ఉంటుంది. పెట్ట రోజుకు 110 గ్రాముల మేత తింటే దానికి 4 గ్రాములకు పైగా కాల్షియం అందుతుంది. అందులో సుమారు సగం మాత్రమే శరీరానికి పడుతుంది. లెక్క సరిపోయింది కదా! మేతలో కాల్షియం చాలకపోతే పెట్ట తన ఎముకలలోని కాల్షియాన్ని తీసి పెంకును తయారుచేస్తుంది. కొన్నాళ్ళకు పెంకులు పలుచబడతాయి, కాళ్ళు బలహీనపడతాయి.

నేను చేసిన తప్పు

"ఎక్కువ కాల్షియం మంచిదైతే పిల్లలకు కూడా అదే వేయవచ్చు కదా" అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. పెట్టల మేత ధర ఎక్కువ కనుక అదే మేలైనదని భావించి, మూడు వారాల పిల్లలకు దానిని వేశాను. వారాలు గడిచేకొద్దీ అవి నీరసించాయి. ఆరింటిలో మూడు చనిపోయాయి. పెరిగే పిల్లకు 1 శాతం కాల్షియం చాలు. అంతకు మించి ఎంతో ఎక్కువైతే దాని మూత్రపిండాలు చెడిపోతాయి. నేను వాటిని ఆకలితో ఉంచలేదు, ప్రేమతోనే వేశాను. తెలియని ప్రేమ కూడా హాని చేస్తుందని ఆనాడు నేర్చుకున్నాను.

పిల్లలు, పెట్టలు ఒకే చోట ఉంటే ఏమి చేయాలి? అన్నింటికీ ఎదిగే కోళ్ళ మేతనే వేయండి. ఆల్చిప్పల పొడిని వేరొక గిన్నెలో ఉంచండి. గుడ్లు పెట్టే పెట్ట తనకు కావలసినంత తానే తింటుంది. గుడ్డు పెంకులను బాగా వేడిచేసి, ఎండబెట్టి, మెత్తగా నలిపి కూడా ఉంచవచ్చు. పెంకును పెద్ద ముక్కలుగా వేయవద్దు. అలా వేస్తే కోడి తన గుడ్లనే పొడిచి తినడం అలవాటు చేసుకోవచ్చు.

సంచిని చదవండి

మేత కొనేటప్పుడు సంచి మీది కోడి బొమ్మను చూసి మోసపోకండి. అక్షరాలు చదవండి. "ప్రోటీన్ కసార్" అని మలాయ్ భాషలో ఉన్నచోట మాంసకృత్తుల శాతం తెలుస్తుంది. "కాల్సియుమ్" అన్నచోట కాల్షియం శాతం తెలుస్తుంది. "పెనెలూర్" అని ఉంటే అది గుడ్లు పెట్టే పెట్టల మేత. తయారైన తేదీని కూడా చూడండి.

మన దేశపు తేమ గాలిలో మేతకు త్వరగా బూజు పడుతుంది. బూజులో పుట్టే విషం ఎండబెట్టినా పోదు. బూజు పట్టిన మేతను పారవేయాలే గాని కోళ్ళకు వేయరాదు. మూడు నాలుగు వారాలకు సరిపడినంతే కొని, మూత ఉన్న డబ్బాలో, నేలకు తగలకుండా పలక మీద ఉంచండి. నీడలో చల్లని నీరు ఎల్లప్పుడూ ఉండాలి. కోడి తాను తిన్న మేత బరువుకు రెండింతల నీరు త్రాగుతుంది.

నూకలు, అన్నం పూర్తిగా మానవలసిన పని లేదు. సాయంత్రం ఒక గుప్పెడు చాలు. గింజలు వేసినప్పుడు కొద్దిగా సన్నని గులకరాళ్ళు కూడా అందుబాటులో ఉంచండి. కోడికి పళ్ళు లేవు. దాని కందనకాయలో ఆ రాళ్ళే గింజలను నలుగగొడతాయి.

ఇంటి వద్ద చేయవలసిన పని: మీ కోళ్ళ వయసును, సంచి మీది రెండు శాతాలను నోటుపుస్తకంలో వ్రాసుకొని రండి. మీ కోడికి ఆ మేత తగినదో కాదో తరగతిలో కలిసి చూద్దాం.